రవి తమ్ముడు ఎవరి సంచి తీసుకున్నాడు?

సందేహం: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయి ఏడో తరగతి. బళ్లో ఇంగ్లీషు, తమిళం చదువుతుంది. తెలుగు ఇంట్లో నేనే నేర్పుతున్నాను. ఇంగ్లీషు పాఠంలోని ‘రవీస్ బ్రదర్ కేమ్ హోమ్ అండ్ టుక్ హిజ్ బ్యాగ్’ అన్న వాక్యాన్ని తెలుగులో రాయమంటే, ‘రవి యొక్క తమ్ముడు ఇంటికి వచ్చాడు మరియు అతని యొక్క సంచి తీసుకున్నాడు’ అని రాసింది. వినడానికి ఏదోలా ఉంది గానీ, తప్పెక్కడుందో చూపించలేకపోయాను. ‘షష్ఠీ విభక్తి అంటే యొక్క అని నువ్వే కదమ్మా వల్లె వేయించావు’ అంటోంది. పేర్లు రెండు ఉన్నప్పుడు ఇంగ్లీషులో ఆ ‘ఎస్’ ఎక్కడ పెట్టాలన్నది కూడా తనకు తేలడం లేదు. దయచేసి వివరించండి.

సమాధానం: మీ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది. ‘కి, కు, యొక్క, లో, లోపల – షష్ఠి’ అని మనందరం వల్లె వేసినవాళ్లమే. మీ ఊరి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించారు. విభక్తి ప్రత్యయాలు ఏవో చెప్పి ఊరుకోలేదాయన. అవి చేరేటప్పుడు తెలుగు నామం ఎలా రూపు మార్చుకుంటుందో కూడా విడిగా చెప్పారు. బళ్లలో పట్టిక మిగిలింది, ఆ రెండో సంగతి చాలామందికి గుర్తు లేకుండా పోయింది. మీకు కావలసింది అదే.

ఇల్లు, కన్ను, చెయ్యి, ఊరు, రోలు, పెరడు – వీటి పక్కన ఇంకో మాట పెట్టి చూడమనండి. ఇంటి తాళం, కంటి చూపు, చేతి గడియారం, ఊరి చివర, రోటి పచ్చడి, పెరటి చెట్టు. ఈ ఇ, టి, తి అన్నవాటినే ఔపవిభక్తికాలంటారు. ఇంగ్లీషులో అపాస్ట్రఫీ పెట్టి ‘ఎస్’ చేర్చి చెప్పేదంతా ఇక్కడ మాట లోపలే జరిగిపోయింది. ‘ఇల్లు యొక్క తాళం పోయింది’ అని ఎవరైనా అనగా విన్నారా? బహువచనమైతే ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది: పిల్లల బట్టలు. రవి, సీత, గోడ లాంటి మాటలు ఏమీ మారవు, ముందు నిలబడితే చాలు: గోడ గడియారం, రవి తమ్ముడు. అలా ఎంత దూరమైనా వెళ్లొచ్చు: ‘రవి తమ్ముడి స్నేహితుడి సైకిలు’. ఇందులో ఒక్కచోట కూడా ‘యొక్క’ అక్కర్లేదు.

మీ అమ్మాయికి తమిళం వచ్చు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. ‘వీడు’ అన్న తమిళ మాట ‘వీట్టు వాసల్’ అనేటప్పుడు ఎలా మారిందో, మన ‘ఇల్లు’ కూడా ‘ఇంటి వాకిలి’లో అలాగే మారింది. మాటలు వేరు, పద్ధతి ఒకటే. ఈ భాషలు ఒక కుటుంబానివని అప్పటి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర 1816లో నిరూపించిందీ మద్రాసులోనే, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. అయితే తమిళంతో చిన్న చిక్కు కూడా ఉంది. మాట్లాడేటప్పుడు ‘రవియోడ తంబి’ అంటారు కదా. ఆ ‘ఓడ’ చెవిలో ఉన్న పిల్లకు తెలుగులో కూడా అక్కడ ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. పట్టికలో దొరికిన ‘యొక్క’ తెచ్చి పెట్టేస్తుంది. చెన్నైలో పెరిగే పిల్లల రాతలో ఇది కనిపించడం నాకేమీ వింత కాదు.

ఏమీ చేర్చకపోవడం వల్ల మనకూ ఒక ఇబ్బంది ఉంది. ‘సీత అక్క వచ్చింది’ అంటే వచ్చింది సీత పేరున్న అక్కా, సీతకు అక్కా? మాటల్లో దీన్ని ఎప్పుడో తేల్చుకున్నాం. మొదటిదైతే ‘సీతక్క’, రెండోదైతే ‘సీత వాళ్ల అక్క’. ఒక్కత్తే అయిన సీతకు ‘వాళ్ల’ ఎందుకంటే, చుట్టరికం ఇంటిల్లిపాదిదీ కనక. ‘మా అమ్మ’ అంటాం గానీ ‘నా అమ్మ’ అనం, అదీ ఇందుకే. ఇంగ్లీషువాళ్లూ ఒకప్పుడు ‘ది కింగ్ హిజ్ బుక్’ అని రాసేవారు, రాజు, అతని పుస్తకం అన్నట్టు. అపాస్ట్రఫీ ఎస్ అసలు ఈ ‘హిజ్’ నుంచే పుట్టిందని చాలాకాలం నమ్మారు కూడా. అది నిజం కాదు, పాత ఇంగ్లీషులోని ‘ఎస్’ ప్రత్యయం నుంచి వచ్చింది.

ఇక రెండు పేర్ల సంగతి. దీనికి రామాయణమే చాలు. రామలక్ష్మణుల తండ్రి ఒక్కడే, దశరథుడు. ఇద్దరికీ కలిపి ఒకటే అయినప్పుడు ఇంగ్లీషులో ‘ఎస్’ చివరి పేరుకు ఒక్కదానికే: ‘రామా అండ్ లక్ష్మణాస్ ఫాదర్’. తల్లులు వేరు, కౌసల్య, సుమిత్ర. అందుకని ‘రామాస్ అండ్ లక్ష్మణాస్ మదర్స్’ అని రెండు పేర్లకూ పెట్టాలి. తెలుగులో మొదటిదానికి ‘రామలక్ష్మణుల’ అని చివర ఒక్క ‘ల’ పెట్టాం. రెండోదాన్ని ‘రాముడి తల్లి, లక్ష్మణుడి తల్లి’ అని విడివిడిగా చెప్పుకుంటాం. ఇక్కడ రెండు భాషల లెక్కా దాదాపు ఒకటే, పిల్ల తొందరగానే పట్టుకుంటుంది.

అసలు తేడా ‘మరియు’ దగ్గర వచ్చింది. ఈ మాట మనది కాదనను. పాత కావ్యాల వచనాల్లో ‘మఱియు’ కావలసినంత ఉంది. కానీ అక్కడ దాని పని ‘అంతేకాక, ఇంకా’ అని కొత్త సంగతి ఎత్తుకోవడం. రెండు క్రియలకు ముడి వేసే పని దానికి మనం ఈమధ్య అప్పగించాం. ఇంగ్లీషులో ‘కేమ్’, ‘టుక్’ రెండూ పూర్తి క్రియలే. కర్త ‘బ్రదర్’ను ఒక్కసారి చెప్పి, రెంటికీ అదే అనుకోమని ‘అండ్’తో కలిపారు. తెలుగులో చివరి క్రియ ఒక్కటే సమాపకం, అంటే వాక్యాన్ని ముగించేది. దానికి ముందువి ‘వచ్చి, చూసి, కూర్చుని’ అని క్త్వార్థకాలైపోతాయి, అంటే ఒక పని అయ్యాక ఇంకోటి అని చెప్పే అసంపూర్తి రూపాలు. కర్త ఒకడే అన్న సంగతి, ఏది ముందు ఏది తర్వాత అన్న సంగతి ఆ ‘ఇ’లోనే ఉన్నాయి.

కర్తలు వేరైతే ఇది కుదరదు. ‘రవి వచ్చి సీత వెళ్లింది’ అనం, ‘రవి వచ్చాడు, సీత వెళ్లింది’ అంటాం. అయినా ‘వాన పడి చెరువు నిండింది’ అనడం లేదా అంటారేమో. అక్కడ మొదటిది రెండోదానికి కారణం, కాబట్టి చెల్లుతుంది. పనుల మధ్య ముందువెనకలు లేకపోయినా క్త్వార్థకం పనికిరాదు. ‘పాడి వీణ వాయిస్తుంది’ అంటే పాట అయ్యాక వీణ పడుతుందని అర్థం. రెండు విద్యలూ వచ్చని చెప్పాలంటే ‘పాటా పాడుతుంది, వీణా వాయిస్తుంది’ అని అచ్చు సాగదీస్తే సరి. ‘అండ్’ ఒక్కటే చేసే పనిని మనం సందర్భాన్ని బట్టి మూడు నాలుగు రకాలుగా చేసుకుంటాం. అందుకే మాటకు మాట పెడితే వాక్యం బిగుసుకుపోతుంది.

ఇప్పుడు మీ వాక్యం: ‘రవి తమ్ముడు ఇంటికి వచ్చి తన సంచి తీసుకున్నాడు.’ ఇందులో ‘తన’ ముఖ్యం. అది కర్తను పట్టుకుంటుంది, అంటే తమ్ముణ్ణి. రవి పేరు వాక్యంలో మొదట ఉన్నా అతను కర్త కాడు. ‘అతని సంచి’ అంటే అది రవిది కావచ్చు, మరొకరిది కావచ్చు, తమ్ముడిది మాత్రం కాదు. ఇంగ్లీషు ‘హిజ్’ ఈ ముగ్గురిలో ఎవరికైనా సరిపోతుంది, కథలో ముందూ వెనకా చూసి తేల్చుకోవాలి. మీ అమ్మాయి ‘అతని’ అని రాసిందంటే, తెలియకుండానే తమ్ముడి చేత వేరేవాళ్ల సంచి తీయించిందన్నమాట. ఈమధ్య మాటల్లో ‘తను’ను ఆమె, అతను అన్న అర్థంలో ధారాళంగా వాడుతున్నారు. మీ ప్రశ్నలోనే ‘తనకు తేలడం లేదు’ అన్నారు, అది అమ్మాయి గురించే కదా. మాటల్లో ఫరవాలేదు, రాతలో అర్థం తారుమారవుతుందనిపిస్తే పేరే రాయడం మంచిది: ‘రవి తమ్ముడు వచ్చి రవి సంచి తీసుకున్నాడు’.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది, అదీ చూపించండి. ‘వాడు చెయ్యి కడుక్కుని తినలేదు’ అన్నాం. వాడు తిన్నాడా? తిన్నాడు, కడుక్కోలేదు. ‘లేదు’ చివరి క్రియకు అంటుకున్నా, కాదనేది మాత్రం ముందున్న ‘కడుక్కుని’నే. దీన్ని ‘హి డిడ్ నాట్ వాష్ హిజ్ హ్యాండ్స్ అండ్ ఈట్’ అని రాస్తే పాపం వాడు పస్తున్నాడనుకుంటారు. ‘హి ఏట్ వితౌట్ వాషింగ్ హిజ్ హ్యాండ్స్’ అనాలి.