మూడు సీజన్ల జట్టు చరిత్ర రాయబోయే మేనల్లుడికి

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన పాత రేసింగు జట్టు చరిత్ర రాస్తానని, ముందుగా కప్పుల ఫొటోలు పంపమని బెంగళూరు నుంచి రాశావు. పంపుతాను గానీ, వాటితో మొదలుపెట్టకు. 1993 నుంచి 1995 దాకా మూడే సీజన్లు నడిచిన జట్టు మనది. వచ్చిన కప్పులు రెండు. ఆ రెండింటి చుట్టూ అల్లితే పొగడ్త అవుతుంది గానీ చరిత్ర కాదు. అటక మీది ట్రంకుపెట్టెలో నా ఖాతా పుస్తకాలున్నాయి. అక్కడి నుంచి మొదలుపెట్టు.

మనబోటి వాళ్లు అసలు జట్టు ఎలా పెట్టగలిగారో మొదటి పేజీలోనే చెప్పు. మా చిన్నతనంలో మద్రాసు రేసులంటే షోలవరమే. యుద్ధకాలంలో కట్టి వదిలేసిన విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాకు వచ్చింది, చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకు కొద్దికాలం ముందే కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు కారు తయారుచేశారు. అదే ఫార్ములా మారుతి, మన జట్టు నడిపిందీ దాన్నే. 796 సీసీల ఇంజను కాబట్టి దాని సామానుకు విదేశాల వైపు చూడనక్కరలేదు. మద్రాసులో బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో ఒక పూట తిరిగితే సగం దొరికేది. నరైన్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతి నడిపినవారే, 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌కు చేరారు. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయి, ఆయన నీడలో మనల్ని పెద్దవాళ్లుగా చూపించకు.

అందరిదీ ఒకే రకం ఇంజను అయినప్పుడు తేడా అంతా చిన్న చిన్న విషయాల్లోనే ఉంటుంది. ఖాతా పుస్తకంలో ఎడమ పేజీ డబ్బుది, కుడి పేజీ కారుది. ఏ పూట ఏ టైరులో ఎంత గాలి పెట్టామో, రేసు ముగిశాక ఎంత చూపించిందో అక్కడ రాసి ఉంది. ఎండకు ట్రాకు వేడెక్కితే టైరులోని గాలీ వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది గనుక మధ్యాహ్నం రేసుకు ముందే కొంత తగ్గించి పెట్టాలి. ఈ పాటి విషయం మాకు తెలియడానికి మొదటి సీజను మొత్తం పట్టిందని ఆ అంకెలే చెబుతాయి. నిజమైన కథ అదే, విసుగనిపించినా వదలకు.

నా జ్ఞాపకాన్ని మాత్రం నమ్మకు. వానలో మన డ్రైవరు కుర్రాడు రేసు మొదలయ్యే వరుసలో, అంటే గ్రిడ్ మీద, రెండో స్థానంలో నిలబడ్డాడని ఇరవై ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. మీ అత్తయ్య ఒకనాడు పెట్టె సర్దుతూ టైమింగ్ కాగితం తీసి చూపించింది. నాలుగో స్థానం; ఆ రోజు చినుకు కూడా పడలేదు. అందుకే ప్రతి మాటకూ కాగితమో, రెండో మనిషి సాక్ష్యమో వెతుకు. ఎగ్మూరు కన్నెమెరా గ్రంథాలయంలో పాత పత్రికలు చూడవచ్చు గానీ, పత్రికలు మొదటి మూడు పేర్లే వేస్తాయి. మన పేరు కనిపించనంత మాత్రాన ఆ రోజు మనం పరుగెత్తలేదని అనుకోకు.

డ్రైవరు కంటే ముందు మన కారు మరమ్మతులు చూసిన మేస్త్రిని కలుసుకో. డ్రైవరుకు గెలిచిన రోజు గుర్తుంటుంది, మేస్త్రికి ఏ బోల్టు ఎప్పుడు విరిగిందో గుర్తుంటుంది. ఆయనతో కుర్చీలో కూర్చుని మాట్లాడితే ఏమీ రాదు. ఏదో ఒక బండి బానెట్ తెరిచి పక్కన నిలబడి అడుగు. మన కారు ఎవరికి అమ్మామో, ఆ తరువాత ఏ రంగు వేసుకుని పరుగెత్తిందో కూడా ఆయనకే తెలుసు. జట్టు పోయినా చాసీ, అంటే కారు చట్రం, పోలేదు. ముందు ఎడమ వైపు గొట్టానికి వేసిన వెల్డింగ్ అతుకు చూస్తే అది మనదేనని ఆయన ఇప్పటికీ గుర్తుపడతాడు.

ఎందుకు మూతపడింది అన్న చోట నువ్వు చాలా జాగ్రత్తగా ఉండాలి. కరివర్ధన్ గారు 1995లోనే విమాన ప్రమాదంలో పోయారు. మన జట్టు ఆగిందీ ఆ ఏడే కనుక రెండింటినీ ముడిపెట్టాలనిపిస్తుంది. పెట్టకు. అప్పటికే మన ఖాతాలో టైర్ల అప్పు తీరక మూడు నెలలైంది. స్పాన్సరు డబ్బు సీజను చివర్లో వచ్చేది, టైర్ల డబ్బు శుక్రవారం ఉదయానికే కావాలి. ఆ మధ్య ఖాళీలో, రేసుకు కట్టాల్సిన ఎంట్రీ ఫీజు డబ్బుతో ఇంజను విప్పించింది నేనే. ఆ తప్పు నా పేరుతోనే రాయి. మరో కారణం కూడా ఉంది. కుర్రాళ్ల తరగతిలో బాగా నడిపినవాడు పై తరగతికి వెళ్లిపోతాడు, నడపలేనివాడి తండ్రి మరుసటి ఏడు డబ్బు కట్టడు. మన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు అలా వెళ్లాడు, ఒకడు ఇలా మానేశాడు. మనం కప్పు గెలిచిన నెలలోనే జట్టుకు డ్రైవరు లేకుండా పోయాడంటే చదివేవాళ్లు నమ్మరు, తేదీలు పక్కపక్కన వేసి చూపించు.

వచ్చే ఆదివారం పది దాటాక రా; మేస్త్రిని కూడా రమ్మన్నాను. మూడో సీజను పుస్తకంలో చివరి నాలుగు పేజీలు లేవు. అవి నేనే చింపానో, ఎలుకలు కొట్టాయో ఆయననే అడుగుదాం.

ఇట్లు,
మీ మామయ్య