జేబు టార్చికి ల్యూమెన్ల కంటే బ్యాటరీ ముఖ్యం

రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్తారు, టార్చి చొక్కా జేబులో పట్టాలి, ‘10,000 ల్యూమెన్లు’ (ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే వెలుగు కొలత) అని రాసినది 600 రూపాయలకే వస్తోంది, కొనొచ్చా అని కదా మీరు అడిగింది. వద్దండీ. అరచేతిలో ఇమిడే టార్చి ఆ ధరకి అంత వెలుగు ఇవ్వడం జరగని పని. గట్టు మీద నడవడానికి 100, 150 ల్యూమెన్లు చాలు. స్టార్టర్ పెట్టెలో ఫ్యూజు చూసుకోవడానికి 20 ఉన్నా సరిపోతుంది.

అసలు తేల్చుకోవాల్సింది బ్యాటరీ. ఒక్క ఏఏ (AA) సైజు పెన్‌సెల్‌తో నడిచేది తీసుకోండి. సెల్ అయిపోతే ఊళ్లో కిరాణా కొట్లోనే దొరుకుతుంది. 18650 అనే పెద్ద లిథియం సెల్ వేసేవి ఎక్కువసేపు వెలుగుతాయి గానీ, లావు, బరువు. వంగితే చొక్కా జేబులోంచి జారి కాలవలో పడతాయి. ఒక్క జాగ్రత్త: 14500 అనే లిథియం సెల్ సైజులో అచ్చం పెన్‌సెల్లాగే ఉంటుంది, కానీ 1.5 వోల్టులకు బదులు 3.7 ఇస్తుంది. రెండూ వేయొచ్చని టార్చి మీద రాసి ఉంటే తప్ప అది పెట్టకండి, లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

టార్చి పెట్టె మీద ఎఫ్ఎల్1 (టార్చీల వెలుగు, రన్‌టైమ్ కొలిచే ప్రమాణం) గుర్తు ఉంటే ఆ అంకెలు కొంత నమ్మొచ్చు. అందులోనూ రన్‌టైమ్ అంటే వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం, చివరిదాకా ఒకేలా వెలుగుతుందని కాదు.

తడి చేతులతో వాడతారు కాబట్టి ఐపీఎక్స్7, అంటే నీళ్లలో పడినా కాసేపు తట్టుకుంటుందనే గుర్తు, ఉన్నది చూడండి. ఇంట్లో పక్కన పెట్టేటప్పుడు లోపలి పెన్‌సెల్ తీసేయండి, కారితే స్ప్రింగు తుప్పు పడుతుంది.