కాంపౌండ్ విల్లుకి ఏ యారో రెస్ట్ నమ్మకం?

హైదరాబాద్‌లో టార్గెట్ ప్రాక్టీస్‌కి కాంపౌండ్ విల్లుకి (చివర్లలో కప్పీలుండే విల్లు) వేటకి వాడే యారో రెస్టుల్లో (బాణం వదిలేదాకా దాన్ని ఆనించి ఉంచే భాగం) ఏది కొనాలని అడిగారు. (1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం, అది మాత్రం గుర్తుంచుకోండి.)

నా ఓటు డ్రాప్-అవేకే, అందులోనూ విల్లు లింబ్‌కి (వంగే చేతికి) తాడు కట్టే రకానికి. బాణం వదలగానే లింబ్ ఆ తాడుని లాగి రెస్టుని కిందికి దించేస్తుంది, కాబట్టి వెనక ఉండే ప్లాస్టిక్ ఈకలు దేనికీ తగలవు. తాడు సాగినా, ముడి జారినా రెస్ట్ దిగే టైమింగ్ పోతుంది. ముడి దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టి చూసుకుంటూ ఉండండి. అనుమానం వస్తే ఈకల అంచులకి లిప్‌స్టిక్ రాసి ఒక బాణం వేయండి, రెస్టుకి రంగు అంటితే తగులుతున్నట్టే.

ఇంత సర్దుబాటు వద్దనుకుంటే విస్కర్ బిస్కెట్ అనే రెస్ట్ తీసుకోండి. చుట్టూ ఉండే బ్రష్‌లాంటి కుచ్చు బాణాన్ని పడిపోకుండా పట్టుకుంటుంది, కదిలే భాగాలు లేవు. ఈకలు మాత్రం ఆ కుచ్చుకి రాసుకుని త్వరగా పాడవుతాయి.