పాత కేస్ కత్తుల కోసం 401(కె) నుంచి అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఒహైయోలో హెచ్‌-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్లుగా కేస్ అనే అమెరికన్ కంపెనీ పాత జేబు కత్తులు సేకరిస్తున్నాను. ఇప్పటికి 130 కత్తులయ్యాయి, 14,000 డాలర్ల దాకా ఖర్చయింది. వయసు పైబడిన సేకర్త ఒకరు తన దగ్గరున్న 70 కత్తులను కలిపి 18,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. ఉద్యోగం ద్వారా పదవీ విరమణ కోసం దాచుకునే 401(కె) ఖాతా నుంచి అప్పు తీసుకుని కొనాలనుకుంటున్నాను. కుటుంబం నడిపే కంపెనీ కత్తులు కాబట్టి, పాతవి మళ్లీ తయారుకావు కాబట్టి, ధర పెరుగుతూనే ఉంటుందని మిత్రులు అంటున్నారు. అత్యవసర నిధి మూడు నెలల ఖర్చులకు సరిపోతుంది. మా పన్ను శ్లాబు 24 శాతం. ఆరేళ్లలో హైదరాబాద్ తిరిగి వెళ్లాలని ఉంది. నా భార్యకు ఈ కొనుగోలు ఇష్టం లేదు. ఇది మంచి పెట్టుబడేనా?
— ఒక పాఠకుడు

సమాధానం: ఈ అప్పు తీసుకోకండి. కత్తుల సేకరణ మానేయమని నేను అనడం లేదు. నెలవారీ ఖర్చులు, పొదుపు పోగా మిగిలిన డబ్బుతో ఇష్టపడి చేసే సేకరణకు, పదవీ విరమణ నిధి నుంచి అప్పు తెచ్చి చేసే కొనుగోలుకు మధ్య ఉన్న గీతను మీరు ఇప్పుడు దాటబోతున్నారు. ఆ గీత దాటకూడదని ఎందుకు చెబుతున్నానో, మీ దగ్గర ఇప్పటికే ఉన్న 130 కత్తుల విలువ ఎలా కాపాడుకోవాలో వివరంగా రాస్తాను.

ముందుగా మీ మిత్రుల వాదన చూద్దాం. డబ్ల్యు. ఆర్. కేస్ అండ్ సన్స్ నిజంగానే ఒక కుటుంబం పెంచిన సంస్థ. 1889లో కేస్ సోదరులు న్యూయార్క్ రాష్ట్రంలోని లిటిల్ వ్యాలీలో కత్తుల అమ్మకం మొదలుపెట్టారు. తరువాతి తరం దానిని సొంత కంపెనీగా మలచి, 1905లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు తరలించింది. అయితే 1972లో ఆ సంస్థ అమెరికన్ బ్రాండ్స్ చేతికి వెళ్లింది, 1989లో మరొకరి చేతికి మారింది, మరుసటి ఏడాదే దివాలా వ్యవహారంలో చిక్కుకుంది, చివరికి 1993లో అదే ఊరికి చెందిన లైటర్ల సంస్థ జిప్పో దానిని కొనుక్కుంది. అంటే మీరు కొనబోయే కత్తుల్లో 1970ల నాటివి ఉంటే, వాటిలో చాలా వరకు కేస్ కుటుంబం చేతి నుంచి కంపెనీ వెళ్లిపోయాక తయారైనవే. నేటికీ వ్యవస్థాపక కుటుంబం చేతిలోనే ఉన్న కత్తుల సంస్థ ఏదని అడిగితే బక్ పేరు చెప్పాలి. కాన్సస్‌లో కమ్మరి పనివాడిగా ఉన్న హాయిట్ బక్ 1902లో తొలి కత్తి చేశాడు, 1947లో కొడుకు ఆల్‌తో కలిసి శాన్‌డియాగోలో వ్యాపారం పెట్టాడు, 2005లో సంస్థ ఐడహోలోని పోస్ట్‌ఫాల్స్‌కు తరలింది. ఆ సంస్థ 1964లో తెచ్చిన 110 నమూనా మడత కత్తి ఎంతో పేరున్నదే అయినా, లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి పాతదన్న ఒక్క కారణంతో దానికి పెద్ద ధర రాదు. కుటుంబ సంస్థ కావడం, పాతది కావడం, పేరు ఉండడం, ఈ మూడూ కలిసినా కత్తి అరుదైనది అయిపోదు. ధర పలికించేది అరుదుతనం, స్థితి, కొనేవారి సంఖ్య మాత్రమే.

కేస్ కత్తుల్లో ఈ అరుదుతనాన్ని చదవడానికి ఒక వ్యవస్థ ఉంది, అది మీకు తెలిసే ఉంటుంది. బ్లేడు పిడిలోకి చొచ్చుకుపోయే చోట కొట్టిన ముద్రే కాలాన్ని చెబుతుంది: 1940 నుంచి 1964 దాకా కేస్ ఎక్స్‌ఎక్స్, 1965 నుంచి 1969 దాకా దానికి తోడు యు.ఎస్‌.ఏ., 1970లో ముద్ర కింద పది చుక్కలు, ఆపైన ఏడాదికి ఒక చుక్క తగ్గుతూ 1979కి ఒక్క చుక్క. నమూనా సంఖ్యకూ అర్థం ఉంది. 6254 అని ఉంటే 6 చెక్కుడు గీతలున్న ఎముక పిడిని, 2 బ్లేడుల సంఖ్యను, 54 ట్రాపర్ అనే నమూనాను సూచిస్తాయి. అదే 5తో మొదలైతే దుప్పి కొమ్ము పిడి. ముద్ర ఇంత స్పష్టంగా ఉండడం వల్లే మోసానికీ దారి ఏర్పడింది. అరిగిపోయిన బ్లేడు తీసి వేరేది బిగించడం, పగిలిన పిడి మార్చడం, నకిలీ ముద్ర కొట్టడం, తుప్పు మరకలు పోయేలా యంత్రంపై మెరుగు పట్టించడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నవే. మెరుగు పట్టిన కత్తి కొత్తవారి కంటికి బాగా కనిపిస్తుంది, అనుభవం ఉన్న కొనుగోలుదారు మాత్రం దానిని పక్కన పెడతాడు. కాబట్టి 70 కత్తులను గంపగుత్తగా 18,000కు, అంటే సగటున ఒక్కొక్కటి 257 డాలర్లకు కొనడం అసలు లెక్కే కాదు. గుంపులో నాలుగైదు కత్తులు మంచి ధర పలికేవి, మిగతావి నలభై యాభై డాలర్లవి అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. వాటిలో ఏదో ఒక సందర్భానికి గుర్తుగా పెట్టెలతో సహా విడుదల చేసిన స్మారక కత్తులు ఎక్కువగా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. సేకర్తల కోసమే తయారుచేసి సేకర్తలకే అమ్మిన ఆ కత్తులను అందరూ పెట్టె విప్పకుండానే దాచుకున్నారు. అందుకే వాటికి కొరత లేదు.

ఇప్పుడు లెక్క. ఈ 18,000 డాలర్లను ఆరేళ్ల పాటు షేర్ మార్కెట్ సూచీని అనుసరించే విస్తృత ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారని, ఏడాదికి 7 శాతం వచ్చిందని అనుకుందాం. ఇది హామీ కాదు, పోలిక కోసం వేసుకున్న ఊహ మాత్రమే. మొత్తం సుమారు 27,000 అవుతుంది, లాభంపై 15 శాతం దీర్ఘకాలిక పన్ను పోగా దాదాపు 25,660 మిగులుతుంది. అదే మొత్తం కత్తుల ద్వారా చేతికి రావాలంటే దారిలో రెండు కోతలు దాటాలి. ఆన్‌లైన్ వేలంలోనైనా, వేలం సంస్థ ద్వారానైనా కమీషన్, ప్యాకింగ్, రవాణా కలిపి అమ్మిన ధరలో 15 శాతం పోతుందని వేసుకోవడం సమంజసం. ఆపైన పన్ను. సేకరణ వస్తువులను ఏడాది దాటాక అమ్మినా వాటి లాభానికి షేర్లకు ఉండే 15 శాతం రేటు వర్తించదు. మీ సాధారణ శ్లాబు రేటే పడుతుంది, దానికి గరిష్ఠ పరిమితి 28 శాతం. పాత కత్తులను ఈ కోవలోనే లెక్కవేసుకోవడం క్షేమం. మీ 24 శాతంతో లెక్కిస్తే ఆ 70 కత్తులు ఆరేళ్ల తరువాత 33,000 డాలర్లకు పైగా పలకాలి, అంటే ఏడాదికి పదిన్నర శాతానికి మించి పెరగాలి. దీనిపైన రాష్ట్ర పన్ను ఉంటుంది. దంపతుల ఆదాయం 250,000 డాలర్లు దాటితే పెట్టుబడి ఆదాయంపై మరో 3.8 శాతం. ఒకవేళ నష్టానికి అమ్మాల్సి వస్తే, సొంత ఇష్టం కోసం కొన్న వస్తువుపై నష్టాన్ని పన్నులో చూపుకునే వీలు ఉండదు. లాభం వస్తే ప్రభుత్వానికి వాటా ఉంది, నష్టం వస్తే అది పూర్తిగా మీదే. ఈ ఆరేళ్లలో కత్తులు డివిడెండ్ ఇవ్వవు, వడ్డీ ఇవ్వవు, అద్దె తేవు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది అప్పు తీసుకోవాలన్న ఆలోచన. 401(కె) నుంచి అప్పు తేలిగ్గానే దొరుకుతుంది, వడ్డీ కూడా మన ఖాతాకే చేరుతుంది కాబట్టి నష్టం లేదనిపిస్తుంది. సాధారణంగా ఐదేళ్లలో తీర్చాలి. కానీ ఈలోగా ఉద్యోగం పోతే, మిగిలిన బాకీని ఆ సంవత్సరపు పన్ను రిటర్ను గడువులోగా సర్దుబాటు చేయలేకపోతే, ఆ మొత్తాన్ని మీరు వాడేసుకున్న ఆదాయంగా పరిగణించి పన్ను వేస్తారు, మీ వయసులో 10 శాతం జరిమానా కూడా పడుతుంది. హెచ్‌-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండేందుకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, ఇంటి అద్దె లేదా కిస్తీ కట్టాలి, పిల్లలుంటే వాళ్ల బడి సంగతి చూసుకోవాలి. అదే సమయంలో 70 కత్తులను హడావిడిగా అమ్మబోతే కొనేవాడు మీ తొందరను కనిపెట్టి ధర తగ్గిస్తాడు. మూడు నెలల అత్యవసర నిధి మీ పరిస్థితికి చాలదు. ముందు దానిని కనీసం ఆరు నెలలకు, వీలైతే ఇండియాకు సామాను తరలింపు, విమాన టికెట్ల ఖర్చు కూడా కలిపి ఇంకా ఎక్కువకు పెంచండి. పదవీ విరమణ కోసం సొంతంగా తెరుచుకునే ఐఆర్‌ఏ ఖాతా ద్వారా కొందామన్న ఆలోచన ఉంటే అదీ వద్దు. పురాతన వస్తువుల వంటి సేకరణలు ఆ ఖాతాతో కొంటే, ఆ డబ్బును వెనక్కి తీసుకున్నట్లే లెక్కిస్తారు.

వీసాకు సంబంధించి ఇంకో విషయం. మీ సేకరణలోంచి అప్పుడప్పుడు ఒకటి రెండు కత్తులు అమ్ముకోవడం వేరు, లాభం కోసం వారం వారం కొంటూ అమ్ముతూ ఉండడం వేరు. రెండవదాన్ని అనుమతి లేని పనిగా చూసే ప్రమాదం ఉంది. గంపగుత్తగా కొని విడివిడిగా అమ్మి అప్పు తీర్చేద్దామన్న ఆలోచన మీ మనసులో ఉంటే, ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా అడుగు ముందుకు వేయవద్దు. వీసాపై ఆధారపడి ఉన్న కుటుంబానికి ఏ కత్తి మీది లాభమూ ఆ ముప్పుకు తగినది కాదు.

ఇక మీ దగ్గర ఉన్న సేకరణ సంగతి. ఈ వారాంతంలోనే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ప్రతి కత్తికీ నమూనా సంఖ్య, ముద్ర, కొన్న తేదీ, కొన్న ధర, ఎవరి దగ్గర కొన్నారో రాసి, రెండు వైపులా ఫోటోలు, ముద్ర దగ్గరి ఫోటో, రసీదు జతచేయండి. పొలానికి లింకు దస్తావేజులు ఎలాగో సేకరణకు ఈ పట్టిక అలాగ. కొన్న ధరకు రుజువు లేకపోతే అమ్మినప్పుడు వచ్చిన డబ్బంతా లాభంగా లెక్కించే పరిస్థితి రావచ్చు. ఈ పట్టికను మీ భార్యతో కలిసి తయారుచేయండి. ఆమెకు ఈ కొనుగోలు ఇష్టం లేదని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ లేఖలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అదే. మీకు ఏదైనా జరిగితే ఆ 130 కత్తుల్లో ఏది 20 డాలర్లది, ఏది 600 డాలర్లది అన్నది ఆమెకు తెలియాలి, ఎవరిని సంప్రదించాలో కూడా రాసి ఉండాలి. అలాగే మీ ఇంటి బీమా ఏజెంటుకు ఫోన్ చేసి సేకరణ వస్తువులకు పరిహారం ఎంత వరకు ఇస్తారో అడగండి. మామూలు ఇంటి బీమాలో దీనికి తరచుగా పరిమితులు ఉంటాయి. వస్తువులను విడిగా జాబితా చేసి చేర్పించుకునే బీమా రక్షణ ఉంటుంది.

దాచే పద్ధతి కూడా ధరను నిర్ణయిస్తుంది. తోలు ఒరల్లో ఎక్కువ కాలం ఉంచితే ఇత్తడికి పచ్చటి చిలుము, ఉక్కుకు తుప్పు పడతాయి. పాత సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పిడులు కాలక్రమంలో విడుదల చేసే ఆవిరి పక్కనున్న కత్తులను కూడా తినేస్తుంది కాబట్టి వాటిని వేరే డబ్బాలో ఉంచాలి.

హైదరాబాద్ ప్రయాణం విషయంలో చాలామందికి తట్టని చిక్కు ఒకటి ఉంది. పాత అమెరికన్ కత్తుల దుప్పి కొమ్ము పిడులకు వాడిన కొమ్ము చాలా వరకు మన దేశపు కణుజు (సాంబార్ అనే పెద్ద దుప్పి)దే. ఒకప్పుడు ఇక్కడి నుంచే ఎగుమతి అయ్యేది. 1990ల చివరలో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపివేసింది. ఆ పిడులున్న పాత కత్తులకు అమెరికాలో గిరాకీ ఉండడానికి అదీ ఒక కారణం. కానీ కణుజు కొమ్ము, దానితో చేసిన వస్తువులు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వస్తాయి. అందువల్ల నమూనా సంఖ్య 5తో మొదలయ్యే కత్తులను సామానులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగడం మంచి ఆలోచన కాదు. ఎముక పిడి కత్తులకు ఈ చిక్కు లేకపోయినా, వాటిని కొనే సేకర్తలు హైదరాబాద్‌లో దొరకడం కష్టం, ఆ మార్కెట్ అమెరికాలోనే ఉంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి రెండేళ్ల ముందు నుంచి, దుప్పి కొమ్ము పిడులవి మొదటగా, తొందర లేకుండా అమ్ముతూ రండి. మీకు మనసైన పది పదిహేను ఎముక పిడి కత్తులు ఉంచుకుంటే వాటిని చెక్‌-ఇన్ సామానులోనే తెచ్చుకోవాలి, కస్టమ్స్‌కు చూపించాల్సి వస్తే పట్టిక దగ్గర ఉంటుంది.

చివరిగా ఆ పెద్దాయన ఇస్తానన్న 70 కత్తులు. ఆయనను గౌరవంగా కలిసి, అన్నీ కొనే స్థోమత ఇప్పుడు లేదని చెప్పి, విడిగా ఇస్తారేమో అడగండి. మీ దగ్గర లేని నమూనాల్లో, 1964కు ముందు ముద్ర ఉన్నవి, మెరుగు పట్టనివి, బ్లేడు అరగకుండా నిండుగా ఉన్నవి నాలుగైదు ఎంచుకోండి. అదే నమూనా, అదే ముద్ర, అదే స్థితిలో ఉన్న కత్తులు ఇటీవల వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి, అమ్మకందారు అడుగుతున్న ధరను ప్రమాణంగా తీసుకోవద్దు. మీ ఇద్దరి నెల ఆదాయంలో రెండు శాతం మించకుండా ఒక సేకరణ ఖాతా పెట్టుకుని, ఆ డబ్బు పోగయ్యాకే కొనండి. ఆయన అన్నీ కలిపే అమ్ముతానంటే ఈసారికి వదిలేయండి, కానీ ఆయన దగ్గర కూర్చుని ఆ 70 కత్తుల ముద్రలు ఒకసారి చూపించమని అడగండి. అసలుకు, నకిలీకి తేడా పట్టుకోవడం అలాంటి వారి దగ్గరే నేర్చుకోగలం.