లైబ్రరీ బిల్డ్‌లో ప్లాట్‌ఫామ్ సెట్టింగ్స్‌ని కామన్ కాన్ఫిగ్ నుంచి ఎలా విడదీయాలి?

సీమేక్ (బిల్డ్ ఎలా చెయ్యాలో రాసుకునే టూల్) వాడుతున్నారనుకుని చెప్తున్నా. మెయిన్ ఫైల్లో ఏ మెషీన్ మీదైనా మారనివి మాత్రమే ఉంచండి, అంటే సోర్స్ ఫైళ్ల లిస్టు, హెడర్ల పాత్, సీ++17 కావాలన్న సంగతి, అంతే. విండోస్‌కి, లినక్స్‌కి, మ్యాక్‌కి తలా ఒక చిన్న ఫైల్ పెట్టి, మెయిన్ ఫైల్ చివర్లో ఒక్క చోట ఇఫ్ రాసి కావాల్సినదాన్ని ఇంక్లూడ్ చేస్తే సరిపోద్ది, లేదంటే ఇఫ్ విన్32 (అంటే విండోస్ అయితే) అని పది చోట్ల రాసుకుంటూ పోయి ఆర్నెల్ల తర్వాత ఏది ఎందుకు రాశామో మనకే తెలీదు. (పేరు విన్32 అయినా 64 బిట్ విండోస్‌లో కూడా అది ట్రూనే, కంగారు పడకండి.)

ఉదాహరణకి సాకెట్లు వాడే లైబ్రరీ అయితే విండోస్‌లో డబ్ల్యూఎస్2_32 అనే నెట్‌వర్క్ లైబ్రరీని లింక్ చెయ్యాలి, లినక్స్‌లో ఆ ఫంక్షన్లు లిబ్‌సీలోనే (స్టాండర్డ్ సీ లైబ్రరీ) ఉంటాయి కాబట్టి అక్కర్లేదు. ఆ ఒక్క లైన్ విండోస్ ఫైల్లోకి పోవాలి, అదీ టార్గెట్‌కి (మనం బిల్డ్ చేసే లైబ్రరీకి) ప్రైవేట్‌గా, అంటే దాని లోపలి అవసరంగా మాత్రమే.

కంపైలర్ పాత్, క్రాస్ కంపైల్ (వేరే రకం మెషీన్ కోసం బిల్డ్ చెయ్యడం) ఫ్లాగులు అసలు ఈ ఫైళ్లలో వద్దు, టూల్‌చైన్ ఫైల్లో (ఏ కంపైలర్ వాడాలో చెప్పే వేరే ఫైల్) పెట్టి బయట్నుంచి ఇవ్వండి. నేనోసారి మార్చ్=నేటివ్ ఫ్లాగ్ (బిల్డ్ చేసే మెషీన్ సీపీయూకి తగ్గట్టు కోడ్ తయారుచెయ్యమనేది) కామన్ ఫైల్లో పడేశా, నా మెషీన్లో బ్రహ్మాండంగా నడిచింది, పాత సీపీయూ ఉన్న సర్వర్ మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చింది.