టీమ్ ఊరు వదిలి వెళ్ళిపోతే అభిమానులు ఏం చేస్తారు? శాన్ డియేగోలో నేను చూసింది

మీరు అడిగింది ఇదీ: ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది, బయటి దేశాల్లో ఇలా జరిగినప్పుడు అక్కడి అభిమానులు ఎలా తీసుకున్నారు, మనం ఇంకా ఆ టీమ్‌నే ఫాలో అవ్వాలా అని. నేను శాన్ డియేగోలో ఉంటాను. ఇక్కడి ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఛార్జర్స్ 2017లో లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళిపోయినప్పుడు ఊరు ఊరంతా ఏమైపోయిందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. అది అమెరికన్ ఫుట్‌బాల్, మీది మామూలు ఫుట్‌బాల్, కానీ జరిగింది మాత్రం అచ్చం అదే.

ముందే నా మాట చెప్పేస్తాను. ఫాలో అవ్వాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిందే, ఆ విషయంలో ఒకరినొకరు తిట్టుకోవద్దు. పోరాడాల్సింది వేరే దాని కోసం. టీమ్ వెళ్ళినా ఆ పేరు, ఆ రంగులు, ఆ రికార్డులు ఊరికే ఉండాలి, అభిమానుల సంఘం చెదిరిపోకూడదు. ఈ రెండూ దక్కించుకున్న ఊళ్ళు తేరుకున్నాయి. దక్కనివాళ్ళు ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా మండిపడుతూనే ఉన్నారు.

ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చినప్పుడు నాకు ఈ ఆటలో ఓనమాలు తెలీవు. ఆఫీసులో నా పక్క సీటతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఒక ఆదివారం స్టేడియానికి రమ్మన్నాడు. మిషన్ వ్యాలీలో క్వాల్‌కమ్ స్టేడియం, చుట్టూ పెద్ద పార్కింగ్ లాట్. మ్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంటకైతే జనం పొద్దున్నే వచ్చేసి, కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, మెక్సికన్ పద్ధతిలో మాంసం కాలుస్తూ కూర్చునేవాళ్ళు. మా ఇంటి నుంచి పులిహోర, చికెన్ పకోడీ వెళ్ళేవి. పక్క కారువాళ్ళు ఎవరో తెలీదు, అయినా ప్లేటు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆట రూల్స్ అన్నీ నేను ఆ పార్కింగ్ లాట్‌లోనే నేర్చుకున్నాను. కొత్త దేశంలో, చుట్టాలెవరూ లేనిచోట, ఇది నా ఊరు అని మొదటిసారి అనిపించింది కూడా అక్కడే. మా అబ్బాయికి కొన్న మొదటి జెర్సీ 17 నంబర్, టీమ్ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఫిలిప్ రివర్స్‌ది.

ఇదేమన్నా కప్పుల మీద కప్పులు గెలిచిన టీమా అంటే కాదు. 1961 నుంచి 2016 దాకా 56 సీజన్లు ఈ ఊళ్ళో ఆడి ఒక్కసారే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి వెళ్ళింది, 1995 జనవరిలో, అందులోనూ శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 49-26 తేడాతో ఓడిపోయింది. అయినా జనానికి ప్రాణం. పక్కనే ఓషన్‌సైడ్‌లో పెరిగిన జూనియర్ సేయావ్ లాంటి ఆటగాడు సొంత ఊరి టీమ్‌కే ఆడాడంటే ఇక్కడివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఇక వెళ్ళిపోవడం గురించి. ఒక్కరోజులో వెళ్ళిపోయి ఉంటే ఇంత గాయం అయ్యేది కాదేమో. 1967 నాటి స్టేడియం పాతబడింది, కొత్తది కావాలని యాజమాన్యం ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది. 2015లో ఏకంగా మన బద్ధశత్రువు రైడర్స్‌తో చేతులు కలిపి లాస్ ఏంజెలెస్ దగ్గర కార్సన్‌లో ఇద్దరికీ కలిపి స్టేడియం అని ప్లాన్ పెట్టారు. ఆ డిసెంబర్ 20న మయామీతో మ్యాచ్ ఇక్కడ చివరిదని అందరూ అనుకున్నారు. గెలిచారు, 30-14. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు లోపలికి పోకుండా మైదానంలోనే ఉండి ఆటోగ్రాఫులిచ్చారు, పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా ఏడ్చారు. తీరా చూస్తే 2016 జనవరిలో లీగ్‌లోని టీమ్‌ల ఓనర్లు ఓటేసి, సెయింట్ లూయిస్ రామ్స్‌ని లాస్ ఏంజెలెస్‌కి పంపి, ఛార్జర్స్‌కి మాత్రం కావాలంటే మీరూ వెళ్ళి వాళ్ళతో కలవండి, ఒక ఏడాది టైమిస్తున్నాం అన్నారు. ఆ ఏడాదంతా టెన్షనే. నవంబర్‌లో హోటల్ పన్ను పెంచి కొత్త స్టేడియం కట్టాలా అని ఊళ్ళో ఓటింగ్ పెట్టారు, మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, వచ్చింది 43 శాతం. దానికి ఓటేయనివాళ్ళంతా టీమ్‌ని ప్రేమించనివాళ్ళని చాలామంది రాశారు, అది తప్పు. నాకు తెలిసిన వీరాభిమానులే "ప్రేమ వేరు, వందల కోట్ల డాలర్ల ఆస్తి ఉన్నవాళ్ళకి మా ఊరి పన్ను డబ్బులివ్వడం వేరు" అని వ్యతిరేకంగా వేశారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

2017 జనవరి 12న ప్రకటన వచ్చింది. ఆ రోజు మర్ఫీ కాన్యన్‌లో ఉన్న టీమ్ ఆఫీసు ముందుకి జనం వచ్చి జెర్సీలు, టోపీలు, జెండాలు కుప్పగా పోసి వెళ్ళారు, కొందరు వాటికి నిప్పు పెట్టారు. అదే రోజు టీమ్ పెట్టిన కొత్త లాస్ ఏంజెలెస్ లోగో అక్కడి బేస్‌బాల్ టీమ్ డాడ్జర్స్ లోగోకి దగ్గరగా ఉందని దేశమంతా విరుచుకుపడితే కొద్దిరోజుల్లోనే తీసేశారు. నాకు బాగా గుర్తుండిపోయింది ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీల సంగతి: ఛార్జర్స్ సామాను మేం మొయ్యం అని కొన్ని కంపెనీలు బహిరంగంగా ప్రకటించాయి. మా పక్క సీటతను జెర్సీలు కాల్చలేదు. వాళ్ళ నాన్న కాలం నుంచి ఇంట్లో సీజన్ టికెట్లు ఉండేవి, ఆ పాత టికెట్లూ జెర్సీలూ అన్నీ ఒక పెట్టెలో పెట్టి గరాజ్‌లో పైన పడేశాడు, ఆ తర్వాత ఆదివారాలు టీవీ పెట్టడమే మానేశాడు. ఆఫీసులో ఎవరైనా స్కోరు చెప్పబోతే లేచి వెళ్ళిపోయేవాడు. కోపంకన్నా ఆ మౌనమే నాకు ఎక్కువ బాధనిపించింది.

అదే సమయంలో మా తెలుగు మిత్రుడొకడు టీమ్‌ని వదల్లేదు. నేను చూసేది ఆటగాళ్ళని, ఓనర్‌ని కాదు అనేవాడు. దానికి ఆధారం కూడా ఉంది, ఎందుకంటే రివర్స్ ఇల్లు మార్చలేదు, పిల్లల్ని ఇక్కడి స్కూళ్ళలోనే ఉంచి, కూర్చుని ఆట వీడియోలు చూసుకునేలా ఒక పెద్ద కారు తయారు చేయించుకుని, రోజూ లాస్ ఏంజెలెస్ వైపు వెళ్ళి వచ్చేవాడు. ఆ మిత్రుడు నన్నూ ఒకసారి కార్సన్ తీసుకెళ్ళాడు. కొత్త స్టేడియం తయారయ్యేదాకా వాళ్ళు 27,000 సీట్ల సాకర్ స్టేడియంలో ఆడారు. మేం వెళ్ళింది ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో మ్యాచ్, ఎటు చూసినా ఈగిల్స్ ఆకుపచ్చే, సొంత మైదానంలో ఛార్జర్స్ పాయింటు కొడితే చప్పుడు తక్కువ, అవతలివాళ్ళు కొడితే హోరు. లీగ్‌కి కనీసం 55 కోట్ల డాలర్ల ఫీజు కట్టి మరీ వెళ్ళి తెచ్చుకున్నది ఇదా అనిపించింది. ఎన్ని తరాలు కలిసి కూర్చుంటే ఒక స్టేడియానికి ఆ గొంతు వస్తుందో ఆ రోజు అర్థమైంది. నేను మళ్ళీ వెళ్ళలేదు. కానీ నా మిత్రుణ్ణి ద్రోహి అన్నవాళ్ళని మాత్రం నేను ఎప్పుడూ ఒప్పుకోను. ఎక్కడో ఒకచోట వాడికి ఆ ఆట ఇంకా తీపిగానే ఉంది, దాన్ని లాక్కునే హక్కు మనకెక్కడిది?

ఇప్పుడు నేను పైన చెప్పిన పేరు, రంగుల సంగతి. 1984 మార్చిలో బాల్టిమోర్ కోల్ట్స్ రాత్రికి రాత్రి సామాను లారీల్లోకెక్కించి ఇండియానాపోలిస్ వెళ్ళిపోయింది, ఊరివాళ్ళు తెల్లారి లేచేసరికి టీమ్ లేదు. పేరూ, గుర్రపు లాడం గుర్తూ, పాత రికార్డులూ అన్నీ వెళ్ళిపోయాయి. ఆ టీమ్ గొప్ప క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ ఇండియానాపోలిస్ కోల్ట్స్‌తో తనకు ఏ సంబంధమూ లేదని తెగేసి చెప్పాడు. కానీ ఆ ఊళ్ళో ఒకటి మిగిలింది, టీమ్ బ్యాండ్. టీమ్ లేకపోయినా పేరు మార్చకుండా పన్నెండేళ్ళు వేరే ఊళ్ళ మ్యాచుల్లో, ఊరేగింపుల్లో వాయిస్తూనే ఉన్నారు, 1996లో రేవెన్స్ అనే టీమ్ ఆ ఊరికి వచ్చాక ఇప్పటికీ ఆ టీమ్‌కి వాయిస్తున్నది ఆ బ్యాండే. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఆ రేవెన్స్ ఎక్కణ్ణించి వచ్చిందంటే క్లీవ్‌లాండ్ నుంచి. 1995లో ఆ ఊరి టీమ్ బ్రౌన్స్ వెళ్ళిపోతుందని తెలియగానే క్లీవ్‌లాండ్ జనం ఊరుకోలేదు, చివరి మ్యాచ్‌లో సీట్లు పీకి మైదానంలోకి విసిరారు, ఊరి తరఫున కోర్టుకి వెళ్ళారు. చివరికి ఒప్పందం ఏమైందంటే ఆటగాళ్ళు, సిబ్బంది బాల్టిమోర్ వెళ్తారు, కానీ బ్రౌన్స్ పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999లో అదే పేరుతో కొత్త టీమ్ వచ్చింది. హ్యూస్టన్‌కి ఆ అదృష్టం పట్టలేదు. వాళ్ళ టీమ్ ఆయిలర్స్ టెనెసీకి పోయి టైటన్స్ అయ్యాక, 2023లో ఆ టైటన్స్ పాత ఆయిలర్స్ జెర్సీలేసుకుని హ్యూస్టన్ టీమ్ మీదే ఆడారు! ఆ రంగులు మావి కదా అని హ్యూస్టన్ అభిమానులు ఎంత రగిలిపోయారో. ఇక సెయింట్ లూయిస్ అయితే రామ్స్ విషయంలో కోర్టుకెక్కి 2021లో 79 కోట్ల డాలర్లు రాబట్టింది. డబ్బొచ్చింది, టీమ్ రాలేదు.

మీ ఆటకి సంబంధించి మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంగ్లండ్‌లో వింబుల్డన్ కథ. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. దాన్ని మిల్టన్ కీన్స్‌కి మార్చుకోవచ్చని 2002 మేలో అనుమతి ఇచ్చేశారు. అభిమానులు ఏం చేశారో తెలుసా, కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టి, పార్కులో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళని ఎంపిక చేసుకుని, తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టారు. 2011కల్లా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు, 2020లో పాత మైదానం ఉన్న ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకుని తిరిగొచ్చారు. వెళ్ళిపోయిన క్లబ్, అదే ఎంకే డాన్స్, 2007లో పాత వింబుల్డన్ గౌరవాల మీద హక్కు వదులుకుని ట్రోఫీలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కి ఇచ్చేసింది. అది ఎవరో దయతలచి ఇవ్వలేదు, అభిమానులు ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించుకున్నారు.

ఇదంతా చూసి హైదరాబాద్ గురించి నాకేమనిపిస్తుందంటే, మీకు ఐదారేళ్ళ చరిత్రే ఉంది, దాన్ని చిన్నదని అనుకోవద్దు. మొదటి సీజన్‌లో అట్టడుగు, రెండేళ్ళలో ఛాంపియన్. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్, తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన షాట్లు నేను ఇక్కడ పొద్దున్నే లేచి ఫోన్‌లో చూశాను. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు, అభిమానులు సొంత ఊళ్ళో ఒక్కరోజైనా ఆ టీమ్ ఆట చూడలేకపోయారు. అయినా మీరు నిలబడ్డారు. ఆ 2022 కప్పు పక్కన హైదరాబాద్ అని ఉండాలి, ఢిల్లీ అని కాదు. మీ అభిమానుల సంఘం డెక్కన్ లీజియన్ వాళ్ళు ఇది రాతపూర్వకంగా లీగ్‌నీ, క్లబ్‌నీ అడగాలి, ఇప్పుడే, జనానికి ఇంకా వేడి ఉండగానే.

ఒక సంగతి మాత్రం మర్చిపోకండి. 2019లో మనకి ఆ టీమ్ వచ్చింది పుణె సిటీ క్లబ్ మూతపడి ఆ చోటు ఖాళీ అయినందుకే. అప్పుడు పుణె అభిమానులు పడ్డ బాధ మనకి పెద్దగా కనిపించలేదు. ఛార్జర్స్ కూడా అంతే, 1960లో మొదటి సీజన్ లాస్ ఏంజెలెస్‌లోనే ఆడి ఇక్కడికి వచ్చింది. కాబట్టి ఢిల్లీలో కొత్తగా ఆ టీమ్‌కి చప్పట్లు కొట్టే కుర్రాళ్ళ మీద కోపం తెచ్చుకోవద్దు, వాళ్ళు ఏ పాపం చేయలేదు. ఓపిక ఉంటే పుణె వాళ్ళని కలుపుకోండి, అడిగేవాళ్ళు రెండు ఊళ్ళ నుంచి ఉంటే బలం ఎక్కువ.

ఇంకోటి, హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ 2019లో పుట్టలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, ఆ టీమ్‌ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమే దేశాన్ని 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్ళాడు. ఆ వారసత్వం ఏ ఫ్రాంచైజీ కాగితాల్లోనూ లేదు, ఎవరూ లారీ ఎక్కించుకుని పోలేరు. వింబుల్డన్ వాళ్ళలా రేపే క్లబ్ పెట్టేయమని అనను, అంత డబ్బూ అలాంటి లీగ్ వ్యవస్థా మన దేశంలో లేవు. కానీ మీ బ్యానర్లు, డప్పులు, వాట్సాప్ గ్రూపులు అలాగే ఉంచి, ఊళ్ళో జరిగే లోకల్ లీగ్ మ్యాచులకీ, రాష్ట్ర జట్టు ఆడే సంతోష్ ట్రోఫీ మ్యాచులకీ వెళ్తూ ఉండండి.

మా దగ్గర ఇప్పుడు ఎలా ఉందంటే, పాత స్టేడియం పడగొట్టేశారు, అదే మిషన్ వ్యాలీలో 2022లో స్నాప్‌డ్రాగన్ స్టేడియం కట్టారు, 2025 నుంచి శాన్ డియేగో ఎఫ్‌సీ అనే సాకర్ క్లబ్ అందులో ఆడుతోంది, మొదటి సీజన్‌లోనే వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం. మా పక్క సీటతను దానికి సీజన్ టికెట్ కొన్నాడు. ఛార్జర్స్ మాట ఎత్తితే మాత్రం ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాడు.