జిమ్ ఇంజెక్షన్లతో వీర్యకణాలు తగ్గుతాయా?

ప్రశ్న: నాకు 29, మావారికి 33. పెళ్లయి రెండేళ్లయినా గర్భం రాలేదు. ఆయన వీర్య పరీక్షలో మిల్లీలీటరుకు 40 లక్షల కణాలే ఉన్నాయట. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. నా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 6 వచ్చింది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందు అనుమానించాల్సింది ఆ ఇంజెక్షన్లనే. బయటి నుంచి హార్మోన్ అందుతుంటే మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి, వృషణాలను పనిచేయించే హార్మోన్లయిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను తగ్గించేస్తుంది. దాంతో వృషణాల్లో కణాల తయారీ పడిపోతుంది. మగతనం పెంచుతుందనుకునే మందే సంతానానికి అడ్డుపడుతుందన్నమాట! ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్య నిపుణులు) పర్యవేక్షణలో వాటిని మాన్పించండి. కొత్త కణాలు తయారవడానికే దాదాపు మూడు నెలలు కావాలి. కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పట్టొచ్చు. కాబట్టి నెలకే మళ్లీ పరీక్షంటూ కంగారుపడొద్దు. పరీక్షకు ముందు 2–7 రోజులు కలయిక, స్ఖలనం లేకుండా ఉండాలి. డబ్ల్యూహెచ్‌వో కనీస ప్రమాణం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు. వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందేమో యూరాలజిస్టుకు చూపించండి. సిగరెట్లు, ఒళ్లో ల్యాప్‌టాప్ వద్దు.

మీ టీఎస్‌హెచ్ కూడా ఎక్కువే. ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్షతో కలిపి మరోసారి చేయించండి. డాక్టరు థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ రాస్తే పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి.